ఆధారం కొసలు పంచుకోండి
మాటల గారడీతో ఆధారాలు (జవాబుకి దారిచూపే వాక్యాలు) ఇచ్చే గళ్ళనుడికట్టులో ఒక్క ఆధారం దగ్గర ఇరుక్కుని, తలో జవాబూ అరుస్తూ అరగంట పోగొట్టుకోవడం గుంటూరులో మా బ్రాడీపేట జట్టుకి మామూలే. ఇప్పుడు మొదటి 5 నిమిషాలు ఎవరూ జవాబు చెప్పకూడదు. జవాబు అసలు అర్థం దాదాపు ఎప్పుడూ ఆధారానికి ఏదో ఒక కొసనే ఉంటుంది కాబట్టి ఒకరు మొదటి మాటకీ, ఇంకొకరు చివరి మాటకీ పర్యాయపదాలు రాయాలి, మూడో మనిషి అక్షరాల్ని ఏం చెయ్యాలో చెప్పే తిరగబడి, చెదిరి, తల తెగి లాంటి సైగల్ని వెతకాలి. 'తీగ తిరగబడితే శిరస్సు (2)' అంటే రెండక్షరాల జవాబు, తీగకి పర్యాయపదం లతని వెనక్కి చదవడమే, తల. అక్షరాలు కలగాపులగమైతే వాటిని గుండ్రంగా రాసుకోండి, పాత మాట కంటికి అడ్డుపడదు, ఇది నాకు భలే నచ్చింది. ఆధారం మొత్తం శ్లేషే అయితే మాత్రం ఈ పద్ధతి పనిచెయ్యదు, అడ్డం నిలువు అక్షరాలు రెండైనా పడేదాకా దాన్ని పక్కన పెట్టండి.