సర్కారు బడిలో వారానికొక రోజు: వాలంటీరుగా వెళ్ళేవాళ్ళకు

ప్రభుత్వ బడికి సాయం చేస్తామని వచ్చేవాళ్ళకు కొదవలేదు. జూలైలో ఉత్సాహంగా మొదలుపెట్టి దసరా సెలవుల తర్వాత కనపడకుండా పోవడమే అసలు ఇబ్బంది. అందుకని ఏం నేర్పాలో ఆలోచించే ముందు ఎన్నాళ్ళు రాగలరో తేల్చుకోండి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ బడులు మామూలుగా జూన్ 12న తెరుస్తారు, ఏప్రిల్ 23తో ముగిస్తారు. దసరా, సంక్రాంతి సెలవులు, బడిలో ఏడాది పొడుగునా పెట్టే ఎఫ్.ఏ., ఎస్.ఏ. పరీక్షల రోజులు తీసేస్తే వారానికొక రోజు చొప్పున మీ చేతికి దక్కేవి ముప్ఫై అయిదు రోజులు, అటూ ఇటూగా. ఒకే రోజు, ఒకే వేళ, రెండు పీరియడ్లు, మానకుండా. అంతకంటే ఎక్కువ ఒప్పుకోవద్దు. వారానికి నాలుగు రోజులు వస్తానని చెప్పి రెండు నెలలకే ఆగిపోయేవాళ్ళకన్నా ఒక్క గురువారం వచ్చేవాళ్ళే బడికి నయం.

బడిలో అడుగుపెట్టడం

ముందు ప్రధానోపాధ్యాయుల్ని కలవాలి. ప్రార్థన వేళ, మధ్యాహ్న భోజనం వడ్డించే వేళ వెళ్ళకండి. మూడు గంటల ప్రాంతంలో అయితే హెచ్.ఎం. గారికి కాస్త తీరిక దొరుకుతుంది. వెంట ఆధార్ నకలు, ఫోటో, ఒక పేజీ ఉత్తరం పట్టుకెళ్ళండి. ఆ ఉత్తరంలో మీరెవరు, ఏ తరగతికి, ఏ పనికి, ఏ రోజు ఏ పీరియడ్లలో, ఏ నెల దాకా వస్తారు అన్నవి ఉంటే చాలు. మీ ఆశయాల గురించి రాయనక్కర్లేదు. హెచ్.ఎం. గారు పాఠశాల యాజమాన్య కమిటీతో మాట్లాడాలి, మండల విద్యాధికారికి (ఎం.ఈ.ఓ.) చెప్పాలి అంటే తప్పించుకుంటున్నారని అనుకోకండి. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఆ కమిటీలో ముప్పాతిక మంది తల్లిదండ్రులే, సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. మీరు కూర్చోబెట్టుకోబోయేది వాళ్ళ పిల్లల్నే కనుక వాళ్ళకు తెలియడం మంచిది.

ఊళ్ళో తెలిసినవాళ్ళు లేకపోతే కేంద్ర విద్యాశాఖ వారి విద్యాంజలి పోర్టల్ ఉంది. ఇప్పటి రూపంలో 2021 సెప్టెంబరులో మొదలైంది. ప్రతి బడికీ ప్రభుత్వం ఇచ్చే యూడైస్ నంబరుతో బడి నమోదై తనకు కావలసింది పెడుతుంది, మీరు మీ వివరాలతో నమోదై ఆసక్తి తెలుపుతారు. సేవ వేరు, వస్తువులు ఇవ్వడం వేరు, రెండిటికీ వేర్వేరు విభాగాలు. ఇందులో జీతం, గౌరవ వేతనం ఉండవు. పోర్టల్లో పేరు ఎక్కినా సరే, హెచ్.ఎం. గారి అనుమతి లేకుండా తరగతిలోకి వెళ్ళకూడదు.

వెళ్ళిన ప్రతి రోజూ విజిటర్స్ పుస్తకంలో వచ్చిన వేళ, వెళ్ళిన వేళ రాసి సంతకం పెట్టండి. రాలేకపోతే ముందు రోజే తరగతి టీచరుకు ఫోన్ చేయండి. బడికి మీరు రావడం లేదన్న సంగతి మీ పీరియడ్ మొదలయ్యాక తెలిస్తే ఆ నలభై అయిదు నిమిషాలూ పోయినట్టే.

ఏ పని తీసుకోవాలి

మూడు, నాలుగు, అయిదు తరగతుల్లో చదవడం రాని పిల్లల్ని ఆరు నుంచి ఎనిమిది మందిని తీసుకోండి. వాలంటీరుకు ఇంతకన్నా పనికొచ్చే పని మరొకటి లేదని మా అభిప్రాయం. నలభై మందికి పాఠం చెప్పే పని టీచరుది. స్పోకెన్ ఇంగ్లీషు, కోడింగ్ అడిగేవాళ్ళుంటారు. తెలుగు పేరా చదవలేని పిల్లకు అవి అంటవు. పదో తరగతికి సాయం చేయాలనుంటే జూలైలోనే మొదలుపెట్టండి. పబ్లిక్ పరీక్షలు మార్చిలో అయితే జనవరిలో వచ్చినవారు పాత ప్రశ్నపత్రాలు దిద్దిపెట్టడం తప్ప చేయగలిగింది తక్కువ.

మొదటి రెండు రోజులూ ఏమీ నేర్పకండి, పిల్లల్ని ఒక్కొక్కరినే పిలిచి చదివించి చూడండి. పిల్లలకు చదవడం ఎంత వచ్చో చూసేందుకు ప్రథమ్ సంస్థ చేసే అసర్ సర్వేలో వాడే పద్ధతి ఇందుకు సరిపోతుంది. ముందు ఒకటో తరగతి స్థాయి చిన్న పేరా ఇవ్వాలి. తడబడకుండా చదివితే రెండో తరగతి స్థాయి కథ ఇవ్వాలి. పేరా రాకపోతే మాటలు, మాటలూ రాకపోతే అక్షరాలు. అయిదింటిలో నాలుగు సరిగా చదివితే ఆ మెట్టు వచ్చినట్టు. మనిషికి మూడు నిమిషాలు పడుతుంది. మిగతా పిల్లలు వినేలా చేయకండి, పక్కవాడు అందిస్తాడు, లేదా నవ్వుతాడు. తేదీ వేసి ఫలితం నోటుబుక్కులో రాసుకోండి. నవంబరులో, మార్చిలో మళ్ళీ ఇదే చేయాలి.

తెలుగులో పిల్లలు ఆగిపోయే చోట్లు దాదాపు అన్ని బడుల్లోనూ ఒకటే. గుణింతం పాటలా అప్పజెబుతారు కానీ ‘కె’ ఒక్కటే రాసి చూపిస్తే క, కా, కి, కీ అంటూ మొదటినుంచీ నడిచి అక్కడికి చేరతారు. వరస నోటికి వచ్చింది, గుర్తు కంటికి రాలేదు. దీనికి మందు గుణింతాన్ని వరస తప్పించి చూపించడమే. ఒకే గుర్తుని వేర్వేరు హల్లుల మీద పెట్టాలి: కె, మె, తె, పె. ప–వ, వ–మ, ఘ–ఝ, పు–వు తారుమారవుతుంటాయి. వీటిని జంటగా ఒకే రోజు మొదలుపెట్టకండి. ఒకటి గట్టిపడ్డాక రెండోది చెప్పి, ఆ తర్వాతే పక్కపక్కన పెట్టాలి.

ఒత్తుల దగ్గర మరో చిక్కు. చాలా ఒత్తులు అసలు అక్షరాన్ని పోలి ఉంటాయి. త, న, మ, య, ర, ల ఒత్తులు పోలవు. పిల్లవాడికి అవి ఆరు కొత్త గుర్తులే. అదృష్టం ఏమిటంటే ఈ ఆరూ ఇంటి మాటల్లోనే ఉన్నాయి: అత్త, అన్న, అమ్మ, అయ్య, కర్ర, పిల్ల. ఈ ఆరు మాటలూ అట్టముక్కల మీద పెద్దగా రాసి ఒక వారం నడపండి. ‘క్ర’, ‘కృ’ తేడా నాలుగో తరగతి దాకా ఆగినా ఫరవాలేదు.

నలభై అయిదు నిమిషాల్లో పదిహేను నిమిషాలైనా ప్రతి పిల్లా గొంతెత్తి చదవాలి. తప్పు చదవగానే అందించకండి, మూడు దాకా లెక్కపెట్టుకుని ఆగండి. ఎక్కువసార్లు తామే దిద్దుకుంటారు. పది నిమిషాలు రాయించండి, చూసి రాయడం కాదు, విని రాయడం. చివర్లో అయిదు నిమిషాలు మీరు కథ చదివి వినిపించండి.

లెక్కల్లో ఒక్కటి చూడండి. 52లోంచి 17 తీసెయ్యమంటే 45 అని రాస్తారు. రెండులోంచి ఏడు పోదు కనుక ఏడులోంచి రెండు తీసేశారన్నమాట. ‘అప్పు తెచ్చుకో’ అని పదిసార్లు చెప్పినా ఇది పోదు. చీపురు పుల్లలు పదేసి కట్టలు కట్టి రబ్బరు బ్యాండు వేయండి. అయిదు కట్టలు, రెండు విడి పుల్లలు ముందుంచి పదిహేడు ఇమ్మంటే, కట్ట విప్పక తప్పదని వాళ్ళకే తెలుస్తుంది. విప్పాకనే కాగితం మీద రాయించండి.

లంబాడీ తండాల్లో, కోయ, గోండు గూడేల్లో, ఒడిశా నుంచి ఇటుక బట్టీలకు వచ్చిన కుటుంబాల్లో పిల్లల ఇంటి భాష తెలుగు కాకపోవచ్చు. వాళ్ళకు ముందు మాట అర్థం కావాలి, చదవడం తర్వాత. మాట్లాడేటప్పుడు యాసను దిద్దకండి. ‘గిట్ల’ అన్న పిల్ల చేత ‘ఇలా’ అనిపించినందువల్ల చదువు రాదు, నోరు మూతపడుతుంది.

దాటకూడని గీతలు

చెయ్యి చేసుకోకూడదు, గుంజీలు తీయించకూడదు, వెక్కిరించకూడదు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షనూ మానసిక వేధింపునూ రెండింటినీ నిషేధించింది. ‘ఒక దెబ్బ వేస్తే గానీ వినడు సార్’ అని తల్లిదండ్రులే అన్నా సరే. ‘మీరేమిటోళ్ళు?’ అని ఏ పిల్లనీ అడగవద్దు.

తలుపు మూసిన గదిలో పిల్లలతో కూర్చోకండి. వరండా, చెట్టు నీడ, టీచరు కంటికి కనిపించే చోటు ఏదైనా మంచిదే. పిల్లల్ని బండి మీద దింపడం, ఫోన్ నంబర్లు తీసుకోవడం, ఇంటికి పిలవడం చేయకూడదు. తలనొప్పి అన్నా మాత్ర ఇవ్వకండి, టీచరు దగ్గరికి పంపండి. పిల్లల మొహాలు కనిపించే ఫోటోలు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టకండి. ఫోటో తప్పనిసరైతే హెచ్.ఎం. అనుమతి, తల్లిదండ్రుల రాతపూర్వక అంగీకారం తీసుకుని తీయాలి.

లైంగిక వేధింపు గురించి ఒక పిల్ల మీతో చెబితే ‘ఎవరికీ చెప్పను’ అని మాట ఇవ్వవద్దు, ఇస్తే నిలబెట్టుకోలేరు. గుచ్చి గుచ్చి అడగకండి. ఆ పిల్ల అన్న మాటలే, ఆ పిల్ల అన్నట్టే రాసుకోండి. పిల్లల మీద లైంగిక నేరాలకు సంబంధించిన 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం విషయం తెలిసిన ఎవరైనా పోలీసులకు తెలపాలి, తెలపకపోవడమే నేరం. హెచ్.ఎం.కు చెప్పినంత మాత్రాన మీ బాధ్యత తీరదు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేస్తే దారి చూపుతారు. పిల్ల పేరు మీ స్నేహితులకు కూడా చెప్పకూడదు.

ఏకోపాధ్యాయ పాఠశాలల్లో ఒక ఇబ్బంది తప్పకుండా ఎదురవుతుంది. సార్ మండల ఆఫీసులో మీటింగుకు వెళుతూ ‘ఒక్క గంట చూసుకోండి’ అంటారు. ఆయన కష్టం నిజమే, అయిదు తరగతులకు ఆయనొక్కరే. అయినా ఒప్పుకోకండి. ఆ గంటలో ఒక పిల్లవాడు పడి చెయ్యి విరగ్గొట్టుకుంటే జవాబు చెప్పాల్సిన మనిషి బడిలో ఉండడు. మర్యాదగా ‘మీరు లేని రోజు నేనూ రాను సార్, బదులు మరో రోజు వస్తా’ అని మొదటి వారంలోనే చెప్పి ఉంచితే ఆ సందర్భమే రాదు.

టీచరు పనితీరుకు తీర్పరిగా కూడా మీరు వెళ్ళలేదు. లోపం కనబడితే ముందు ఆ టీచరుతో, తర్వాత హెచ్.ఎం.తో, ఆ తర్వాతే కమిటీతో మాట్లాడాలి. ఫేస్‌బుక్‌లో రాస్తే ఆ బడి తలుపు మీకే కాదు, మీ తర్వాత వచ్చేవాళ్ళకూ మూసుకుంటుంది.

ఏదైనా ఇవ్వాలంటే డబ్బు ఎవరి చేతికీ ఇవ్వకండి. వస్తువు కొని ఇచ్చి స్టాకు రిజిస్టరులో రాయించండి, లేదా కమిటీ ఖాతాలో వేసి రశీదు తీసుకోండి. మీ ఎనిమిది మందికి మాత్రమే పెన్సిళ్ళు, చాక్లెట్లు తేవడం మానండి. మిగతా ముప్ఫై రెండు మంది చూస్తుంటారు.

విదేశాల్లో ఉండి ఆన్‌లైన్‌లో చెప్పాలనుకునేవాళ్ళు వేళలు ముందే సరిచూసుకోవాలి. ఇక్కడ ఉదయం 10 అంటే డల్లాస్‌లో చలికాలం ముందు రోజు రాత్రి 10:30, మార్చిలో అక్కడి గడియారం మారాక 11:30. తరగతిలో టీచరు పక్కనుంటేనే క్లాసు పెట్టండి. నెట్ ఆగిపోతే ఆ రోజు ఏం చేయించాలో ఒక కాగితం ముందే పంపి ఉంచండి. సంక్రాంతికి ఊరికి వచ్చి మూడు రోజులు పాఠం చెప్పడం కన్నా, బొమ్మల కథల పుస్తకాలు ఓ యాభై ఎంచి ఇవ్వడం మేలు. ఎంచేటప్పుడు పేజీకి రెండు మూడు వాక్యాలున్నవే తీసుకోండి.

మధ్యలో మానక తప్పకపోతే కనీసం మూడు వారాల ముందు టీచరుకూ పిల్లలకూ చెప్పండి. వెళ్ళేటప్పుడు నోటుబుక్కు బడిలోనే వదలాలి: ఏ పిల్ల ఏ మెట్టు మీద ఉంది, ఏ అక్షరాల దగ్గర తడబడుతోంది, ఏ కథ అడిగి మరీ చదివించుకుంటోంది. జూన్ 12న వచ్చే కొత్త వాలంటీరు మళ్ళీ ‘అ’ దగ్గర మొదలుపెట్టకుండా ఉండడానికి అదొక్కటే ఆధారం.