సభలో నిలబడి మాట్లాడదాం – ఆరో పాఠం: ‘ఆక్రమణలే’ అన్నప్పటి ‘ఏ’

ఈసారి ఎదుటివాళ్ల వాదనను ఖండించడం గురించి రాస్తానని పోయిన పాఠం చివర చెప్పాను. అది వాయిదా వేస్తున్నాను. ఐదో పాఠంలో ఇచ్చిన తీర్మానం దగ్గరే చాలామంది తడబడ్డారు, అది సరిచేసుకోకుండా ముందుకు వెళ్తే ఆ పైన నేను చెప్పేదేదీ నిలవదు.

తీర్మానం గుర్తుంది కదా: ‘2024 సెప్టెంబర్‌లో విజయవాడ మునగడానికి బుడమేరు ఆక్రమణలే కారణం.’ బుడమేరు అంటే విజయవాడ పక్కగా పారే వాగు. ప్రతికూల పక్షం నుంచి ఐదు నిమిషాలు మాట్లాడమన్నాను. రాసి పంపినవాళ్లూ, రెండో ఆదివారం లైబ్రరీ మేడ మీద మన సభకు వచ్చి మాట్లాడినవాళ్లూ దాదాపు అందరూ ఒకటే దారి పట్టారు. ఆక్రమణలు లేవన్నారు, ఉన్నా వాటివల్ల ఏ నష్టమూ జరగలేదన్నారు. ఆ మాట వినగానే హాల్లో చాలామంది మొహాలు ముడుచుకున్నాయి. బుడమేరు పక్కన ఏళ్ల తరబడి ఏం జరిగిందో ఊరంతా చూసింది, చూసినదాన్ని లేదంటే ఆ తర్వాత మీరు ఎంత నిజం చెప్పినా ఎవరూ చెవికెక్కించుకోరు.

సింగ్‌నగర్ నుంచి వచ్చిన ఒకమ్మాయి ఆ రోజు అందరికంటే బాగా మాట్లాడింది. డాబా మీద గడిపిన మూడు రాత్రులు, పడవలో వచ్చిన పాల ప్యాకెట్లు, నీళ్లు తీశాక గోడల మీద మిగిలిన బురద చార, అన్నీ కళ్లకు కట్టింది. అయినా ఓట్లలో ఓడిపోయింది. సభ అయ్యాక మెట్ల దగ్గర నన్ను ఆపి, “మాస్టారూ, మా ఇల్లు ఆక్రమణ కాదండీ, మా నాన్న రిజిస్ట్రేషన్ చేయించుకున్న స్థలం. ఆక్రమణలు ఉన్నాయని నా నోటితో నేనెలా ఒప్పుకోను?” అని అడిగింది. అప్పటికప్పుడు సరైన జవాబు చెప్పలేకపోయాను. ఇంటికి వచ్చాక రాత్రంతా అదే ఆలోచన. ఈ పాఠం ఆ అమ్మాయికి జవాబు.

అధ్యక్షులవారికి నమస్కారం ఎలా పెట్టాలి, గంట కొట్టాక ఎంతసేపట్లో ముగించాలి, మైకు ఎంత దూరంలో ఉండాలి, ఇవన్నీ ఒకటి రెండు సభలు చూస్తే మీకే వస్తాయి, వాటి గురించి రాయను.

ఈ రెండు వాక్యాలూ పైకి చదవండి, మనసులో కాదు. ‘ఆక్రమణలు కూడా కారణం.’ ‘ఆక్రమణలే కారణం.’ మొదటిదాన్ని ఓడించాలంటే ఆక్రమణలకూ వరదకూ అసలు సంబంధమే లేదని చూపాలి, అది దాదాపు అసాధ్యం, అలాంటి తీర్మానం సభకు పెట్టకూడదు కూడా. రెండోదాంట్లో ఆక్రమణల పక్కన ఇంకో పెద్ద కారణం నిలబెడితే చాలు. మీరంతా చేసిందేమిటంటే, మీకు ఇచ్చింది రెండో తీర్మానమైతే మొదటిదానితో పోరాడారు. తెలుగులో తగవంతా చాలాసార్లు ఆ ఒక్క ఏత్వంలో ఉంటుంది. పాతికేళ్లుగా సభల్లో దాన్ని దాటుకుని వెళ్లిపోయేవాళ్లను చూస్తున్నాను, చూసినప్పుడల్లా ప్రాణం ఉసూరుమంటుంది, ఎందుకంటే ఓడిపోయేవాళ్లలో ఎక్కువమంది దగ్గర సరుకు ఉంటుంది.

ఈ తీర్మానంలో సరుకు ఎంత ఉందో చూడండి. బుడమేరు నీటిని వెలగలేరు రెగ్యులేటర్ దగ్గర మళ్లించి, డైవర్షన్ కాలువ ద్వారా ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలుపుతారు. ఆ రోజుల్లో కురిసిన వాన మామూలు వాన కాదు. అదే సమయంలో కృష్ణ కూడా పొంగింది, సెప్టెంబర్ 2న బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం నమోదైంది, అంతకుముందు ఎన్నడూ అంత రాలేదు. నది నిండుగా ఉన్నప్పుడు కాలువ నీటిని లోపలికి రానివ్వదు. ఊరికి ఎగువన కాలువ కట్టకు మూడు గండ్లు పడ్డాయి, పూడ్చడానికి ఆర్మీని పిలవాల్సి వచ్చింది, మూడో గండి పూడేసరికి 7వ తేదీ అయింది. వాన, నది, కట్ట. మూడింటిలో ఒక్కటీ ఆక్రమణ కాదు. ఇవన్నీ మీలో చాలామంది చెప్పారు కూడా, కానీ ఆక్రమణలు లేవన్న మాట తర్వాత చెప్పారు.

అందుకని ఇలా మొదలుపెట్టి ఉంటే సరిపోయేది: ‘బుడమేరును ఆక్రమించారు, దానివల్ల నీళ్లు త్వరగా పోలేదు, ఇది మేం ఒప్పుకుంటున్నాం. మా వీధిలోకి ఆ నీళ్లు రావడానికి ముందే ఊరికి ఎగువన కట్ట తెగింది.’ చూడమ్మా, ఇక్కడ మీ ఇల్లు ఆక్రమణ అని ఒప్పుకున్నట్టు ఎక్కడుంది? ఎదుటివాళ్లు చెప్పినదాంట్లో నిజం ఎంతో అంతవరకే తీసుకున్నారు. ఆ ఒప్పుకోలు వల్ల మీ నాన్నగారి రిజిస్ట్రేషన్ కాగితానికి ఏమీ కాదు, మీ మాటకు మాత్రం విలువ పెరుగుతుంది.

ఇందులోనే ఇంకో గుంట ఉంది. ఏత్వం దొరికింది కదా అని ఏదో చిన్న మినహాయింపు చూపించి కూర్చుంటే కుదరదు. ‘ఫలానా వీధిలో డ్రైనేజీ పూడిపోయి నీళ్లు నిలిచాయి కాబట్టి ఆక్రమణలే కారణం కాదు’ అంటే వినేవాళ్లకు అది మాటల గారడీలా ఉంటుంది. మీరు చూపే కారణానికి బరువుండాలి. కట్టకు గండి పడటానికి ఆ బరువు ఉంది.

అనుకూల పక్షం సంగతేమిటి? వాళ్లు కూడా ఏత్వాన్ని కాపాడుకోవాలి. మొదటి నిమిషంలోనే, ‘ఆక్రమణలే అంటే వాన పడలేదని మా ఉద్దేశం కాదు, అంత వాన పడినా, కట్ట తెగినా, వాగు దారి వాగుకు ఉంటే అన్ని రోజులు నీళ్లు నిలిచేవి కావు’ అని హద్దు గీసుకోవాలి. అదే మాట నాలుగో నిమిషంలో అంటే ఓడిపోతున్నామని తెలిసి తీర్మానాన్ని మార్చుకున్నట్టుంటుంది. నాకు ఎప్పుడూ ప్రతికూల పక్షమే ఇష్టం, అయినా ఆ హద్దు బాగా గీసినవాళ్ల చేతిలో చాలాసార్లు ఓడిపోయాను.

ఒక్క మాట దగ్గరే తగవు ఉండటం వేరే తీర్మానాల్లోనూ చూడొచ్చు. ఇంగ్లీష్ మీడియం మీద మన సభలో ఎన్నిసార్లు చర్చ జరిగిందో లెక్కలేదు. ప్రతిసారీ సగం సమయం ఇంగ్లీష్ వస్తే ఉద్యోగం వస్తుందా రాదా అన్నదానికే పోతుంది. 2019 చివర్లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీష్ మీడియంను తప్పనిసరి చేస్తూ ఇచ్చిన జీవోలను 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసిందంటే, అక్కడ ప్రశ్న ఇంగ్లీష్ మంచిదా చెడ్డదా అన్నది కాదు, ‘తప్పనిసరి’ అన్నది. 2009 విద్యాహక్కు చట్టం తీసుకోండి, బోధన మాతృభాషలో ఉండాలంటూనే ‘సాధ్యమైనంత వరకు’ అంటుంది. తెలుగు మీడియం వైపు మాట్లాడేవాళ్లు చట్టాన్ని చదివి వినిపిస్తారు, ఆ రెండు మాటలు వదిలేస్తారు, ఎదుటి పక్షం లేచి సరిగ్గా ఆ రెండు మాటలే చదువుతుంది. మీరే ముందు చదివేయండి.

1933 ఫిబ్రవరి 9న ఇంగ్లండ్‌లో ఆక్స్‌ఫర్డ్ విద్యార్థుల చర్చా సభ అయిన ఆక్స్‌ఫర్డ్ యూనియన్‌లో ‘రాజు కోసం, దేశం కోసం ఎట్టి పరిస్థితుల్లోనూ యుద్ధం చేయం’ అన్న తీర్మానం 275–153 ఓట్లతో నెగ్గింది. అందులోంచి ‘ఎట్టి పరిస్థితుల్లోనూ’ తీసేసి చదవండి, శాంతి కోరే మామూలు వాక్యం అవుతుంది. పెద్ద దుమారం రేపిన వాక్యానికి పదునంతా ఆ రెండు మాటల్లో ఉంది.

నేను చేసే పద్ధతి ఇదే. తీర్మానాన్ని పైకి చదువుతూ ఒక్కో మాటా తీసేసి చూస్తాను. ఏది తీసేస్తే గొడవ చల్లారిపోతుందో దాన్ని కార్డు మీద పెద్దగా రాసుకుంటాను. ‘బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌కు ఆటోలే కారణం.’ ‘మిర్చి రైతు పంటను గుంటూరు యార్డులోనే అమ్మాలి.’ రెండోదాంట్లో యార్డును తిట్టాల్సిన పనే లేదు, ‘లోనే’ మీద మాట్లాడితే సరిపోతుంది. కార్డు మీద మూడు మాటలకు మించి రాసుకోకండి, రాసుకుంటే చదవాలనిపిస్తుంది, చదివేవాళ్ల కళ్లలోకి సభ చూడదు.

అభ్యాసం ఈసారి కొంచెం కష్టం. బుడమేరు తీర్మానమే మళ్లీ తీసుకోండి. ఒక రోజు అనుకూలంగా, మర్నాడు ప్రతికూలంగా, ఐదేసి నిమిషాలు మాట్లాడాలి. ప్రతికూలంగా మాట్లాడేటప్పుడు మొదటి నిమిషంలో ‘కానీ’ అన్న మాట వాడకూడదు. రెండు రోజులూ ఆ వరదలో ఉన్నవాళ్లు ఒకరు మీ ఎదురుగా కూర్చోవాలి. వాళ్లకు ఇష్టం ఉంటేనే అడగండి, ఇంకా ఆ రోజులు తలుచుకోలేనివాళ్లు ఉన్నారు. మీరు మాట్లాడుతుంటే ఏ వాక్యం దగ్గర వాళ్లు ‘అలా కాదు’ అన్నట్టు తల అడ్డంగా ఊపారో గుర్తుపెట్టుకుని, అది ఎంత ఇష్టమైన వాక్యమైనా కొట్టేసి, వచ్చే రెండో ఆదివారానికి మిగిలినదానితో రండి.