ఎండాకాలం ముందు టర్ఫ్ వాళ్లకు: ప్రచారం డబ్బు ఎక్కడ కారిపోతుందో చూసుకోండి

మార్చి మొదటి వారం వచ్చిందంటే మా టర్ఫ్ (చుట్టూ నెట్ కట్టి, కృత్రిమ గడ్డి పరిచి గంటల లెక్కన అద్దెకిచ్చే చిన్న గ్రౌండ్) నంబరుకు వచ్చే ఫోన్లలో సగం ఆడేవాళ్లవి కావు, ఏదో ఒకటి అమ్మేవాళ్లవి. "అన్నా, మీ గ్రౌండ్ మీద రీల్ చేస్తాం." "సార్, గూగుల్ నుంచి మాట్లాడుతున్నాం." "బ్రదర్, ఆటోకు మైకు కట్టి మూడు రోజులు ఊరంతా తిప్పుతాం." సెలవుల ముందు మన చేతిలో కొంచెం డబ్బు, బుర్రలో బోలెడు టెన్షన్ ఉంటాయని వాళ్లకు బాగా తెలుసు.

కర్నూలులో నంద్యాల చెక్‌పోస్టు దాటాక మాకు ఒక బాక్స్ క్రికెట్ టర్ఫ్ ఉంది. నేను, మా తమ్ముడు చూసుకుంటాం. మొదటి ఏడాది అడిగిన ప్రతివాడికీ ఇచ్చాం. ఫ్లెక్సులు, కరపత్రాలు, రీళ్లు, కేబుల్ టీవీలో కింద పరిగెత్తే అక్షరాలు, అన్నీ. ఏప్రిల్ నెలాఖరుకు లెక్క చూస్తే శని, ఆదివారాల రాత్రులు కిక్కిరిసి ఉన్నాయి, మిగతా గంటలు ముందెట్లున్నాయో అట్లే ఉన్నాయి. శనివారం రాత్రి మేము ఏమీ చేయకపోయినా నిండేది. పెట్టిందంతా దాని మీదే పోశాం. ఈ సీజన్‌కు టర్ఫ్ గానీ, స్విమ్మింగ్ పూల్ గానీ, స్కేటింగ్ రింకు గానీ తెరుస్తున్నవాళ్లు మా తప్పే మళ్లీ చేయకూడదని రాస్తున్నా.

ముందు గంటలు లెక్కపెట్టండి

మన ఊళ్లో ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటడం మామూలే. పొద్దున తొమ్మిది దాటితే కృత్రిమ గడ్డి పెనంలా కాలుతుంది. సాయంత్రం దాకా దాని మీద ఎవరూ నిలబడలేరు, అడిగినా ఆడనివ్వకూడదు. అంటే మనం అమ్మగలిగేది పొద్దున ఐదున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా మూడు గంటలు, సాయంత్రం ఆరు నుంచి పదకొండు దాకా ఐదు గంటలు. రోజుకు ఎనిమిది, వారానికి యాభై ఆరు. ఒక తెల్ల కాగితం మీద ఆ యాభై ఆరు గళ్లు గీయండి. పోయిన నెల బుకింగ్ పుస్తకం పక్కన పెట్టుకుని, మీరు ఎవరికీ ఏమీ చెప్పకుండానే నిండిపోయిన గళ్లను పెన్సిల్‌తో కొట్టేయండి. కొత్తగా తెరిచేవాళ్లు ఇప్పటికే నడుస్తున్న టర్ఫ్ ఎదురుగా టీ కొట్టు దగ్గర ఒక వారం కూర్చుంటే తెలిసిపోతుంది. నేనూ కూర్చున్నా, సిగ్గేమీ లేదు.

మాకు కొట్టేయగా మిగిలినవి పొద్దుటి గంటలన్నీ, సోమవారం నుంచి గురువారం దాకా రాత్రి పది తర్వాతి గంట. రూపాయి పెట్టాల్సింది వాటికే. అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఆ గంటకు వచ్చే మనిషి వేరు. శనివారం రాత్రి వచ్చే కుర్రాడు ఇన్‌స్టాగ్రామ్ చూస్తాడు. పొద్దున ఐదున్నరకు వచ్చేది పిల్లవాడిని బండి మీద దింపే తల్లో తండ్రో. వాళ్లు రీల్ చూసి రారు. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పక్కింటామె "మా వాడు పోతున్నాడు, బాగా చూసుకుంటున్నారు" అని రాస్తే వస్తారు. అందుకే రెండో ఏడాది పొద్దుటి మూడు గంటలను విడిగా అమ్మడం మానేసి, పిల్లల క్యాంపుగా మార్చి నెలకు ఇంత అని పెట్టాం. వెంకటరమణ కాలనీ, కృష్ణానగర్ వైపు తెలిసిన నాలుగైదు ఇళ్ల పిల్లలకు మొదటి వారం ఉచితం. దాని ప్రచారానికి అయిన ఖర్చు అంతే.

తేదీలు కూడా చూసుకోవాలి. మార్చిలో పది, ఇంటర్ పరీక్షలు నడుస్తుంటాయి. అప్పుడు మన ప్రకటన పిల్లలు చూస్తారు గానీ రాలేరు, చూసిన తండ్రికి మన మీద కోపం ఒకటి. స్కూళ్లకు సాధారణంగా ఏప్రిల్ చివరి వారంలో సెలవులిచ్చి జూన్ 12 ప్రాంతంలో తెరుస్తారు. క్యాంపు సంగతి తల్లిదండ్రుల చెవిన పడాల్సింది ఏప్రిల్ రెండో వారంలో. మే నెలలో ఈఏపీసెట్ రాసే పిల్లల మీద ఆశ పెట్టుకోవద్దు. ఇంకొకటి, రంజాన్ నెలలో తరావీహ్ నమాజు అయ్యాక ఆడతామని పాతబస్తీ టీములు అడుగుతాయి, రాత్రి పది తర్వాతి ఖాళీ గంట అప్పుడు దానంతటదే నిండుతుంది. రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందే వస్తుంది కాబట్టి పోయినేడు రాసిపెట్టుకున్న తేదీలు ఈ ఏడు పనికిరావు.

మ్యాప్‌లో మీరు ఎక్కడున్నారు?

హైదరాబాదు, బెంగళూరులో ఉద్యోగాలు చేసే మన కుర్రాళ్లు శుక్రవారం రాత్రి బస్సెక్కకముందే గ్రూపులో టీమ్ కలిపేస్తారు. రాజ్‌విహార్ సెంటర్‌లో మనం కట్టిన ఫ్లెక్స్ వాళ్లకు కనపడదు, గూగుల్ మ్యాప్ కనపడుతుంది. మా పిన్ మొదట్లో రోడ్డుకు అవతల, ఇంకా ఇళ్లు కట్టని వెంచర్ మధ్యలో పడింది. టీములు చీకట్లో ప్లాట్ల రాళ్ల మధ్య తిరిగి తిరిగి ఫోన్ చేసేవి. రాత్రి ఎనిమిదికి, ఆ వైపు ఎప్పుడూ రాని చుట్టాన్ని ఒకరిని మ్యాప్ పెట్టుకుని ఒంటరిగా రమ్మనండి. ఎక్కడ ఆగిపోతాడో అక్కడ బాణం గుర్తు బోర్డు పెట్టండి. మూసే సమయం, ఫోన్ నంబరు, పార్కింగ్ ఫొటో, ఫ్లడ్‌లైట్లు వెలిగిన ఫొటో ఉన్నాయా చూడండి.

మ్యాప్‌లో మన టర్ఫ్ పేరు, వివరాలు కనపడే ఈ లిస్టింగ్‌కు గూగుల్ ఒక్క రూపాయి తీసుకోదు. వ్యాపారం మనదేనని రుజువుకు చాలాసార్లు వీడియో తీసి పెట్టమంటుంది, అంతవరకే. "మీ లిస్టింగ్ రేపు పోతుంది, ఇంత కట్టండి" అని ఫోన్ వస్తే పెట్టేయండి. ఫోన్‌కు వచ్చిన కోడ్ అడిగితే అసలు చెప్పొద్దు. అది చెప్పారంటే మీ టర్ఫ్ పేజీ తాళం వాళ్ల చేతికి పోతుంది, సీజన్ మధ్యలో దాని మీద వేరే నంబరు కనపడొచ్చు.

రివ్యూ రాస్తే గంట ఉచితం అనే ఆఫర్ పెట్టకండి. గూగుల్ నియమాలకు అది విరుద్ధం, రివ్యూలు తీసేయవచ్చు కూడా. గెలిచిన టీమ్ కెప్టెన్‌ను అక్కడికక్కడే "అన్నా, నచ్చితే రెండు ముక్కలు రాయి" అని అడిగితే సరిపోతుంది. ఓడినవాళ్లను ఆ రోజు అడగకండి.

ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్

డబ్బు కట్టి పోస్టును ఎక్కువ మందికి చూపించే బూస్ట్ నొక్కేముందు ప్రాంతం దగ్గర ఆగండి. మా తమ్ముడు ఒకసారి ఆంధ్రప్రదేశ్ అని వదిలేశాడు. లైకులు దండిగా వచ్చాయి, శ్రీకాకుళం కుర్రాళ్లవి కూడా. టర్ఫ్ మీద పిన్ పెట్టి చుట్టూ ఎనిమిది పది కిలోమీటర్లు చాలు. ముగింపు తేదీ తప్పకుండా పెట్టండి, లేకపోతే మనం మరిచిపోయినా అది మరిచిపోదు, రోజూ కార్డు మీద కోస్తూనే ఉంటుంది. ప్రకటన ఖర్చు మీద 18 శాతం జీఎస్టీ ఉంటుందని లెక్కలో వేసుకోండి.

ఊరి పేజీల వాళ్లు ఒక రీల్‌కు ఇంత అని అడుగుతారు. లక్ష మంది ఫాలోవర్లు అంటారు. ఆ లక్షలో కర్నూలు వాళ్లు ఎంతమంది? పేజీ నడిపేవాళ్లకు ఫాలోవర్లు ఏ ఊళ్ల వాళ్లో లెక్క కనపడుతుంది. స్క్రీన్‌షాట్ వద్దు, మీ ఎదురుగా ఫోన్ తెరిచి చూపించమనండి. చూపించడానికి నసిగితే టీ ఇచ్చి పంపేయండి.

వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్‌లో ఒక లిస్టుకు 256 మందే పడతారు, పైగా మన నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే మెసేజ్ చేరుతుంది. కాబట్టి మొదటి బుకింగ్ రోజే వాళ్ల ఫోన్లో మన పేరు సేవ్ చేయించడం అసలు పని. అడగకుండా జనాన్ని గ్రూపుల్లో ఎక్కించి రోజూ పోస్టర్లు పంపితే కొందరు రిపోర్ట్ కొడతారు. మే నెలలో బుకింగ్ నంబరు బ్లాక్ అయితే తలపట్టుకుని కూర్చోవాలి. ఇంటి నంబరు, టర్ఫ్ నంబరు వేరుగా ఉంచండి.

క్యాంపు పిల్లల ఫొటోలు పెట్టేముందు తల్లిదండ్రుల్ని అడగండి, వీలైతే చేరే ఫారంలోనే ఒక సంతకం తీసుకోండి. 2023 డేటా రక్షణ చట్టం 18 ఏళ్ల లోపు వాళ్లందరినీ పిల్లలుగానే లెక్కేస్తుంది. చట్టం సంగతి అటుంచినా, తన కూతురి ఫొటో తనకు తెలియకుండా మన స్టేటస్‌లో చూసిన తండ్రి మళ్లీ మన గేటు దాటడు.

కరపత్రం, ఫ్లెక్స్, మైకు

పేపర్ ఏజెంటుకు కరపత్రాలు ఇచ్చేముందు నెల చూడండి. మే, జూన్ అంటే కాలేజీల అడ్మిషన్ల కాలం. పేపర్ మడత విప్పితే ర్యాంకుల ఫొటోలతో నాలుగైదు కాగితాలు రాలతాయి, మనది వాటితోపాటే చెత్తబుట్టలోకి పోతుంది. వేస్తే ఏప్రిల్ మధ్యలోనే, టర్ఫ్ చుట్టుపక్కల రెండు మూడు కాలనీలకే. ఫ్లెక్స్ రోడ్డు మీద కట్టాలంటే కార్పొరేషన్ అనుమతి, మైకు తిప్పాలంటే పోలీసు అనుమతి. మైకు గురించి ఇంకో మాట. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా లౌడ్‌స్పీకర్ మోగకూడదు. టర్ఫ్ లోపల టోర్నమెంట్ కామెంటరీకీ అదే వర్తిస్తుంది. పక్కింటివాళ్లతో గొడవ పడితే ఆ కాలనీలో మన ప్రచారం ఇక వాళ్లే చేస్తారు, మనకు నచ్చినట్టు కాదు.

వద్దనాల్సిన డబ్బు

నెట్ చుట్టూ బ్యానర్లు కడతాం, జెర్సీలు ఇస్తాం, టోర్నమెంట్ ప్రైజ్ మనీ మాదే అని ఒకరు వస్తారు. అడిగితే ఏదో యాప్ అంటారు. బెట్టింగ్ యాప్ అయితే పది అడుగుల దూరం నుంచే దండం పెట్టండి. మన రాష్ట్రం ఆన్‌లైన్ జూదాన్ని 2020లోనే నిషేధించింది. 2025లో వచ్చిన కేంద్ర చట్టం ప్రకారం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలకు ప్రకటన చేసినా రెండేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా. ఆ బ్యానర్ ముందు ఆడేది ఇంటర్ పిల్లలు. మాకూ ఒక ఏడాది అలాంటి పిలుపు వచ్చింది. వాళ్లు ఇస్తామన్న డబ్బు చూసి మా తమ్ముడు ఒక రాత్రి నిద్రపోలేదు, కానీ వద్దన్నాం.

ఐపీఎల్ మోజులో ఇంకో తప్పు జరుగుతుంది. పోస్టర్ మీద ఐపీఎల్ పేరు, జట్ల గుర్తులు, ధోనీ బొమ్మ వేయడం. ఆ పేరు బీసీసీఐ ట్రేడ్‌మార్క్. మ్యాచ్‌ను పెద్ద తెర మీద వేసి టికెట్ పెట్టడానికి కూడా ప్రసార హక్కులున్నవాళ్ల అనుమతి కావాలి. మీ టోర్నమెంట్‌కు ఊరి పేరు పెట్టుకోండి. కొండారెడ్డి బురుజు బొమ్మ వేసుకుంటే మనల్ని ఎవరూ అడగరు, చూసినవాళ్లకు మన ఊరిదని కూడా తెలుస్తుంది.

పుస్తకం ఒక్కటే ఉండాలి

బుకింగ్ యాప్‌లో చేరితే కమిషన్ ఎంత, డబ్బు ఎన్ని రోజులకు మన ఖాతాలో పడుతుంది అని అందరూ అడుగుతారు. అడగాల్సింది ఇంకొకటి: మనం ఫోన్లో ఇచ్చిన గంట అక్కడ వెంటనే మూసుకుంటుందా? ఒక శుక్రవారం యాప్‌లో ఒక టీమ్, ఫోన్లో ఇంకో టీమ్ ఒకే గంటకు వచ్చి గేటు దగ్గర నిలబడ్డాయి. ఒకరికి డబ్బు తిరిగిచ్చి, ఇంకో రోజు గంట ఉచితంగా ఇచ్చి, ఇద్దరితోనూ తిట్లు తిన్నాం. అప్పటి నుంచి యాప్‌కు ఖాళీగా ఉండే గంటలే ఇస్తున్నాం, వారాంతపు రాత్రులు మా పుస్తకంలోనే.

ఆ పుస్తకంలో ఒక గడి ఎక్కువ గీయండి. ఫోన్ చేసిన ప్రతి కొత్త మనిషినీ "మా సంగతి ఎవరు చెప్పారన్నా?" అని అడిగి ఒక అక్షరం రాయండి. మ్యాప్‌కు మ, రీల్‌కు రీ, స్నేహితుడికి స్నే, కరపత్రానికి క. పదిహేను రోజులకు ఒకసారి లెక్కపెట్టి, ఒక్కో దానికి పెట్టిన డబ్బును దాని వల్ల వచ్చిన టీములతో భాగించండి. గంటకు 800 తీసుకుంటున్నాం అనుకుందాం. ఒక టీమ్ రావడానికి 600 ఖర్చయితే, కరెంటు, జీతాల్లాంటివి పోను వాళ్లు రెండోసారి వస్తేనే మనకు మిగిలేది. మా పుస్తకంలో స్నే అక్షరమే ఎప్పుడూ ముందుంటుంది. బూస్ట్ మీద తమ్ముడికి ఉన్న మోజు ఆ గడి చూశాకే తగ్గింది.

అడ్వాన్స్ విషయంలో జాగ్రత్త. "మిలిటరీ క్యాంపు నుంచి, పాతికమంది వస్తాం, అడ్వాన్స్ పంపుతున్నా, ఈ క్యూఆర్ స్కాన్ చేయండి" అని ఫోన్ వస్తే అది మోసం. డబ్బు రావడానికి స్కాన్ అక్కర్లేదు, యూపీఐ పిన్ అక్కర్లేదు. పిన్ కొట్టామంటే పంపేది మనమే. పొరపాటు జరిగితే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. కౌంటర్ దగ్గర అతికించిన స్కానర్ స్టిక్కర్ మీద ఎవరైనా ఇంకోటి అతికించారేమో పొద్దున తాళం తీయగానే ఒక రూపాయి పంపి చూసుకోండి.

గాలివాన వచ్చే సాయంత్రం

మే నెలలో ఉన్నట్టుండి ఈదురుగాలి లేస్తుంది. స్పాన్సర్ ఫ్లెక్సులు నెట్ స్తంభాలకు కట్టి ఉంటే గాలి వాటిని తెరచాపలా పట్టుకుని స్తంభాన్నే వంచేస్తుంది. బ్యానర్లను విడిగా పాతిన కర్రలకు, కింద సగం ఎత్తు దాకానే కట్టండి, మధ్యలో గాలి పోవడానికి కోతలు పెట్టించండి. మబ్బు కమ్మగానే ఆట ఆపి, ఫ్లడ్‌లైట్లు తీసేసి, పిల్లల్ని స్తంభాల దగ్గర నిలబడనివ్వకుండా బయటికి పంపండి.

ఆట ఆగిపోతే ఏమిస్తామో బుకింగ్ మెసేజ్‌లోనే ముందుగా రాసి పెట్టండి. మేము సగం గంట లోపు ఆగితే పూర్తి గంట మళ్లీ ఇస్తాం, దాటితే సగం. ఆ రాత్రి బుక్ చేసుకున్న మిగతా టీములకు వాళ్లు బయల్దేరకముందే ఫోన్ చేయాలి, మెసేజ్ పెట్టి ఊరుకోకూడదు. తడిసి గేటు దాకా వచ్చి వెనక్కి పోయినవాళ్ల పేర్లు మా పుస్తకంలో రెండోసారి కనపడలేదు.