మగవారితో సంబంధం ఉన్న మగవారు సుఖవ్యాధుల పరీక్షలు చేయించుకోవడం ఎలా?

"రక్తపరీక్ష చేయించుకున్నాను, ఏమీ లేదన్నారు" అని నిశ్చింతగా ఉన్నవారిని ఒక మాట అడగాలి: గొంతును, మలద్వారాన్ని ఎవరైనా పరీక్షించారా? గనేరియా, క్లమీడియా ఆ చోట్ల చేరితే చాలాసార్లు నొప్పి ఉండదు, చీము కనిపించదు. రక్తపరీక్షలో అవి దొరకవు. మూత్రపరీక్ష మూత్రనాళం సంగతి మాత్రమే చెబుతుంది. మీరు చెప్పని చోటును డాక్టరు ఊహించి పరీక్షించరు. అందుకే పని ఆసుపత్రిలో కాదు, ఇంటి దగ్గరే మొదలవుతుంది.

1. చెప్పవలసిన మాటలు ముందే సిద్ధం చేసుకోండి

"నాకు మగవారితో సంబంధం ఉంది. నోటితోనూ, మలద్వారం ద్వారానూ జరిగింది. చివరిసారి ఇరవై రోజుల క్రితం, కండోమ్ లేదు." ఇంతే. అవతలి వ్యక్తి పేరు, ఊరు ఎవరికీ అక్కర్లేదు. నోరు పెగలకపోతే కాగితం మీద రాసి చేతికివ్వండి.

పెళ్లయినవారు ఇక్కడే తడబడతారు. "భార్య తప్ప ఎవరూ లేరు" అంటే డాక్టరు ఆ మాట ప్రకారమే పరీక్షలు రాస్తారు, అసలు చూడవలసినది మిగిలిపోతుంది. ఆ అబద్ధానికి భార్య ఆరోగ్యం కూడా మూల్యం చెల్లిస్తుంది. ఆమె గర్భవతి అయితే సిఫిలిస్ కడుపులోని బిడ్డకూ సోకుతుంది.

చట్టం గురించి భయం అక్కర్లేదు. వయోజనుల మధ్య ఇష్టపూర్వకంగా, ఏకాంతంలో జరిగే స్వలింగ సంబంధం నేరం కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న తీర్పు చెప్పింది. అదే నెలలో అమల్లోకి వచ్చిన హెచ్‌ఐవీ చట్టం ప్రకారం మీ సమ్మతి లేకుండా పరీక్ష చేయకూడదు. చట్టంలో చెప్పిన కొద్ది మినహాయింపులు తప్ప, మీ అనుమతి లేకుండా ఫలితం మరొకరికి చెప్పకూడదు.

2. ఎక్కడికి వెళ్లాలి?

జిల్లా ఆసుపత్రుల్లో, బోధనాసుపత్రుల్లో ఐసీటీసీ కేంద్రాలు ఉంటాయి. హెచ్‌ఐవీ పరీక్ష, కౌన్సెలింగ్ అక్కడ ఉచితం. మిగతా సుఖవ్యాధులకు సురక్షా క్లినిక్ ఉంటుంది. ఓపీ చీటీ దగ్గర వరుసలో ఉన్నవారంతా వింటుండగా కారణం చెప్పనక్కర్లేదు. "ఐసీటీసీకి వెళ్లాలి" అంటే చాలు. మీకు దగ్గరలోని కేంద్రం తెలియకపోతే 1097కు ఉచితంగా ఫోను చేయవచ్చు.

గొంతు, మలద్వారం నుంచి దూదిపుల్లతో నమూనా తీసి చేసే పరీక్ష అన్ని ప్రభుత్వ క్లినిక్‌లలో దొరకదు. పెద్ద ప్రైవేటు ల్యాబుల్లో చేస్తారు, ఖర్చు తక్కువేమీ కాదు. అంత పెట్టుకోలేకపోయినా, ముందే సిద్ధం చేసుకున్న ఆ మూడు వాక్యాలు డాక్టరుకు చెప్పడం మాత్రం మానకండి. భాగస్వామికి గనేరియా తేలిందని తెలిస్తే అది కూడా చెప్పండి. అలాంటప్పుడు పరీక్ష ఫలితం కోసం ఆగకుండానే మందు ఇస్తుంటారు.

3. తేదీలు లెక్క వేసుకోండి

నిన్న జరిగినదానికి ఇవాళ పరీక్ష చేయించుకుంటే వచ్చే "నెగెటివ్"కు విలువ లేదు. నరం నుంచి రక్తం తీసి ల్యాబులో చేసే నాలుగో తరం హెచ్‌ఐవీ పరీక్షకు 45 రోజులు, వేలి నుంచి చుక్క రక్తం తీసి చేసే ర్యాపిడ్ పరీక్షకు 90 రోజులు నిండితే ఫలితాన్ని నమ్మవచ్చు. అంతకుముందు చేయించుకుంటే మళ్లీ చేయించుకోవాలి.

సిఫిలిస్ మోసకారి. సుమారు మూడు వారాలకు నొప్పిలేని పుండు వస్తుంది, మందు వాడకపోయినా మానిపోతుంది. మలద్వారం లోపల వస్తే కంటికే కనబడదు. తగ్గిపోయిందని ఊరుకుంటే తర్వాత అరచేతుల్లో, అరికాళ్లలో దద్దుర్లుగా బయటపడవచ్చు. రక్తపరీక్షలో తేలిపోతుంది, తొలి దశలోనైతే సాధారణంగా ఒక్క విడత పెన్సిలిన్ ఇంజెక్షన్‌తో నయమవుతుంది. ఒకసారి వచ్చి తగ్గినంత మాత్రాన మళ్లీ రాదని కాదు.

ఒకరికంటే ఎక్కువ భాగస్వాములు ఉంటే మూడు నుంచి ఆరు నెలలకోసారి, లేకపోతే కనీసం ఏడాదికోసారి పరీక్షలు చేయించుకోండి. వాటిలో హెపటైటిస్ బీ, సీ కూడా ఉండాలి. హెపటైటిస్ బీ లేదని తేలితే, అంతకుముందు వేయించుకోనివారు టీకా మొదలుపెట్టండి. సాధారణంగా ఆరు నెలల్లో మూడు డోసులు.

4. కండోమ్ చిరిగితే

ఆ రాత్రే బయలుదేరండి. హెచ్‌ఐవీ సోకకుండా ఆపే పెప్ మందులు 72 గంటల లోపు మొదలుపెట్టాలి, 28 రోజులు వాడాలి. ఎంత త్వరగా మొదలైతే అంత మేలు. పగలైతే హెచ్‌ఐవీకి మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రం, రాత్రయితే క్యాజువాలిటీ.

అసలు ఎందుకు చిరిగిందంటే, చాలా ఇళ్లలో జవాబు కొబ్బరినూనె. నూనె, వాజెలిన్ తగిలితే రబ్బరు బలహీనపడుతుంది. మందుల షాపులో దొరికే నీటి ఆధారిత జెల్ వాడండి. రెండు కండోమ్‌లు ఒకదానిపై ఒకటి వేసుకోవడం రక్షణ కాదు, రాపిడికి రెండూ చిరగవచ్చు.

పెప్ అవసరం పదేపదే పడుతుంటే డాక్టరును ప్రెప్ గురించి అడగండి. అది ముందుజాగ్రత్తగా వేసుకునే మాత్ర. హెచ్‌ఐవీ లేదని తేల్చి, మూత్రపిండాల పనితీరు, హెపటైటిస్ బీ చూశాకే ఇస్తారు. సిఫిలిస్‌నూ గనేరియానూ అది ఆపదు.

5. ఫలితంలో ఏదైనా తేలితే

హెచ్‌ఐవీని ఒక్క పరీక్షతో నిర్ధారించరు. మూడు వేర్వేరు పరీక్షల్లో పాజిటివ్ రావాలి. ఏఆర్‌టీ మందులు ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం. వాటిని తప్పకుండా వాడి, రక్తంలో వైరస్ గుర్తించలేనంత తగ్గిన స్థితి నిలబడితే లైంగికంగా మరొకరికి సోకదు.

మిగతా వ్యాధుల్లో భాగస్వామికీ చికిత్స జరగాలి, లేకపోతే మీకు తగ్గినది అతని నుంచి తిరిగి వస్తుంది. చెప్పడానికి ఒక్క సందేశం చాలు: "నాకు సిఫిలిస్ ఉన్నట్టు తేలింది. మందు తీసుకున్నాను. నువ్వూ ఈ వారంలో పరీక్ష చేయించుకో." ఎవరి నుంచి ఎవరికి వచ్చిందన్న వాదన అందులో పెట్టకండి, పెడితే అతను ఆసుపత్రికి వెళ్లడం మాని మీకు జవాబు రాస్తూ కూర్చుంటాడు.