సిగ్నల్ ఉన్నా ప్రైవేట్ 5జీ పట్టుకోని ఫోన్లు: సిమ్, సెల్, రిజెక్ట్ కోడ్ సరిచేసే పద్ధతి

ఫ్యాక్టరీలోనో గోదాములోనో సొంత 4జీ, 5జీ నెట్‌వర్క్ పెట్టాక ఎక్కువగా వినిపించే ఫిర్యాదు ఇది: సెల్ (సిగ్నల్ ఇచ్చే రేడియో యూనిట్) నడుస్తోంది, పక్క స్కానర్‌కు డేటా వస్తోంది, ఈ ఒక్క ఫోనుకు మాత్రం 'నో సర్వీస్'. చాలామంది వెంటనే యాంటెన్నా మీద అనుమానపడతారు. ముందు సిమ్ తీసి చూడండి. ఏ నెట్‌వర్క్ పట్టుకోవాలో తేల్చుకునేది ఫోనే. మనం దాన్ని నడిపించగలిగేది మూడు చోట్ల నుంచి: సిమ్‌లోని ఫైళ్లు, సెల్ ప్రసారం చేసే వివరాలు, కోర్ (నెట్‌వర్క్‌ను నడిపే సర్వర్) ఫోనును తిప్పి పంపుతూ ఇచ్చే రిజెక్ట్ కోడ్.

మన దేశంలో ఇలాంటి ప్రైవేట్ నెట్‌వర్క్‌లకు టెలికాం శాఖ 2022 జూన్‌లో మార్గదర్శకాలు ఇచ్చింది. ఆపరేటర్ చేత పెట్టించుకోవచ్చు, లేదా స్పెక్ట్రమ్ లీజుకు తీసుకుని లైసెన్సుతో సొంతంగా నడపవచ్చు. మీది ఏ రకమో తేలితేనే కింది వాటిలో ఏవి మీ చేతిలో ఉంటాయో తెలుస్తుంది.

సిమ్‌లో చూడాల్సినవి

కార్డు రీడర్, సిమ్ ఫైళ్లు చదివి రాసే పైసిమ్ సాఫ్ట్‌వేర్, సిమ్ అమ్మినవారు ఇచ్చిన ఏడీఎం కీ (ఫైళ్లు మార్చడానికి కావాల్సిన రహస్య కోడ్) ఉంటే చాలు. కీ కొట్టేటప్పుడు తొందరపడకండి. కొన్ని కార్డుల్లో మూడు తప్పులకే ఆ కీ శాశ్వతంగా లాక్ అవుతుంది, ఆ తర్వాత కార్డును మార్చి రాయలేం.

మొదట ఐఎంఎస్ఐ (సిమ్‌లోని చందాదారు నంబరు), దానితోపాటు అందులో నెట్‌వర్క్ కోడ్ ఎన్ని అంకెలో చెప్పే ఏడీ ఫైలు చూడండి. ఐఎంఎస్ఐ 99999తో మొదలై, మీ సెల్ తన నెట్‌వర్క్ నంబరు 999-99 (దేశం కోడ్ 999, ఎంఎన్‌సీ అనే నెట్‌వర్క్ కోడ్ 99) అని ప్రసారం చేస్తుంటే, ఏడీ ఫైలు నాలుగో బైటు 02 ఉండాలి. అక్కడ 03 ఉంటే ఫోను ఆరో అంకెను (ఉదాహరణకు 0) కూడా ఎంఎన్‌సీలో కలిపేసుకుని తన ఇల్లు 999-990 అనుకుంటుంది. అప్పుడు మీ నెట్‌వర్క్ దానికి పరాయిదే. రిజిస్టర్ అయినా రోమింగ్ గుర్తు పడుతుంది, డేటా రోమింగ్ ఆపి ఉంటే నెట్ రాదు.

తర్వాత ప్రాధాన్య జాబితా, అంటే హెచ్‌పీఎల్ఎంఎన్ ఫైలు (6ఎఫ్62). ఇందులో ఒక్కో ఎంట్రీ ఐదు బైట్లు: మూడు నెట్‌వర్క్ నంబరుకు, రెండు టెక్నాలజీకి. 4జీకి 4000, 5జీకి 0800, రెండూ కావాలంటే 4800. పాత సిమ్‌లలో 4000 మాత్రమే ఉండటం వల్ల 5జీ ఎస్ఏ (4జీ తోడు లేకుండా నడిచే 5జీ) సెల్‌ను కొన్ని ఫోన్లు ఆలస్యంగా వెతుకుతాయి.

అసలు చిక్కంతా ఎఫ్‌పీఎల్ఎంఎన్ ఫైలులో (6ఎఫ్7బీ) ఉంటుంది. ఇది నిషేధిత నెట్‌వర్క్‌ల జాబితా. కోర్‌లో చందాదారు వివరాలు ఎక్కించకముందే ఎవరో ఫోను ఆన్ చేస్తారు, కోర్ 11వ కోడ్‌తో ('ఈ నెట్‌వర్క్‌కు అనుమతి లేదు') తిప్పి పంపుతుంది, ఫోను మీ నెట్‌వర్క్ నంబరును ఈ ఫైలులో రాసేస్తుంది. ఆ తర్వాత కోర్‌లో అంతా సరిచేసినా ఫోను ఆటోమేటిక్‌గా అటువైపు రాదు. ఎయిర్‌ప్లేన్ మోడ్ వేసి తీసినా, రీస్టార్ట్ చేసినా పోదు. ఆ నంబరు ఉన్నది సిమ్‌లో కాబట్టి, సిమ్ వేరే ఫోనులో వేసినా అదే కథ.

దీన్ని తుడవడానికి ఏడీఎం కీ అక్కర్లేదు, మామూలు పిన్ హక్కు చాలు. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్‌ను చేత్తో ఎంచుకుని రిజిస్టర్ చేయిస్తే ఆ నంబరు జాబితాలోంచి పోతుంది. రూటర్లు, మోడెమ్‌లలోనైతే ఏటీ+సీఆర్ఎస్ఎమ్=214,28539,0,0,12 అనే మోడెమ్ కమాండ్ కొట్టి, కామా తర్వాత కోట్స్‌లో 24 ఎఫ్‌లు ఇవ్వండి. 28539 అంటే ఆ ఫైలు నంబరే. 12 బైట్లంటే నాలుగు ఎంట్రీలు. మీ కార్డులో ఫైలు పెద్దదైతే ముందు దాని సైజు చదివి, అంత పొడవునా ఎఫ్‌లు నింపండి. అయ్యాక ఫోను ఆపి ఆన్ చేయాలి.

రిజెక్ట్ కోడ్ ఏది పెట్టాలి

అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ 999 కోడ్‌ని ప్రైవేట్ వాడకానికే వదిలింది. ఆ నంబర్లు ఎవరైనా వాడుకోవచ్చు, అందుకే పక్క ఫ్యాక్టరీ కూడా 999-99 పెట్టుకుని ఉండొచ్చు. వాళ్ల ఫోన్లు మీ గేటు దగ్గరికొస్తే మీ సెల్‌ను ఇల్లు అనుకుని తలుపు తడతాయి. వాటికి 3వ కోడ్ పంపితే సిమ్ చెల్లదనుకుని సర్వీసు వెతకడమే మానేస్తాయి. 11 పంపితే 999-99 మొత్తం నిషేధమవుతుంది, అంటే వాళ్ల సొంత నెట్‌వర్క్ కూడా. ఇది మన వల్ల ఇతరులకు జరిగే నష్టం, కాబట్టి తెలియని ఐఎంఎస్ఐలకు 15వ కోడ్ పెట్టండి. దానితో ఆ ట్రాకింగ్ ఏరియా (ఒకే కోడ్ ఉన్న సెల్‌ల గుంపు) ఒక్కటే పక్కకు పోతుంది, ఫోను ఇంకో ఏరియాలో వెతుక్కుంటుంది. ఇది పనిచేయాలంటే మీ ట్రాకింగ్ ఏరియా కోడ్ 1 అని వదిలేయకూడదు. పక్కవాళ్లదీ 1 అయ్యే అవకాశం ఎక్కువ.

ఆపరేటర్ నెట్‌వర్క్ మీదే మీ సెల్‌లు ఉంటే

ఇక్కడ నెట్‌వర్క్ నంబరు అందరిదీ ఒకటే, వేరు చేసేది సీఏజీ, అంటే కొందరికే అనుమతి ఉన్న సెల్‌ల గుంపు. మొబైల్ ప్రమాణాలు రాసే 3జీపీపీ రిలీజ్ 16లో వచ్చిన 32 బిట్ల గుర్తింపు ఇది. మీ సెల్ దీన్ని ప్రసారం చేయాలి, మీ చందాదారుల అనుమతి జాబితాలోనూ అదే ఉండాలి. ఆవరణ దాటకూడని పరికరాలకు 'సీఏజీ మాత్రమే' గుర్తు పెట్టించండి. సూపర్‌వైజర్ల ఫోన్లకు పెట్టకండి, గేటు దాటగానే సిగ్నల్ పోతుంది. కోర్ లాగ్‌లో 76వ కోడ్ కనిపిస్తే ఈ రెండు జాబితాలు కలవలేదన్నమాట. సీఏజీ తెలియని పాత ఫోన్లు లోపలికి రాకుండా సెల్‌ను 'ఇతర వాడకానికి రిజర్వ్' అని ప్రసారం చేయించాలి.

రోమింగ్, ఐఫోన్

ప్రైవేట్ సిమ్ బయట ఆపరేటర్ మీద రోమింగ్ చేస్తుంటే, ఇంటి నెట్‌వర్క్ కోసం ఎంతసేపటికోసారి వెతకాలో 6ఎఫ్31 ఫైలు చెబుతుంది. ఒక్కో అంకె ఆరు నిమిషాలు, ఏమీ రాయకపోతే 60 నిమిషాలు. 01 పెడితే వేగంగా తిరిగొస్తుంది కానీ బ్యాటరీ తింటుంది. అయితే ఈ వెతుకులాట ఫోను అప్పుడున్న దేశపు నంబర్లకే పరిమితం. భారత్ కోడ్ 404 మీద ఉన్న ఫోను 999 కోసం వెతకదు, సిగ్నల్ పూర్తిగా పోయేదాకా ఆగాల్సిందే. రోమింగ్ కావాలనుకుంటే 999 నంబరు వద్దు.

ఐఓఎస్ 17 నుంచి ఎండీఎం (సంస్థ ఫోన్లను దూరం నుంచి నిర్వహించే సాఫ్ట్‌వేర్) ద్వారా ప్రైవేట్ నెట్‌వర్క్ ప్రొఫైల్ పంపవచ్చు. అందులో 5జీ ఎస్ఏ ఆన్ చేయడం, వైఫై కన్నా సెల్యులార్‌కు ప్రాధాన్యం ఇవ్వడం, జియోఫెన్స్ (ప్రైవేట్ సిమ్ ఆన్ కావాల్సిన ప్రాంతపు హద్దు) ఉంటాయి. జియోఫెన్స్ వ్యాసార్థాన్ని ప్రహరీ గోడకు సరిగ్గా గీయకుండా కాస్త బయటికి పెట్టండి. లేకపోతే లోపలికి వచ్చి షెడ్డు రేకుల కింద జీపీఎస్ తడబడినప్పుడు ప్రైవేట్ సిమ్ ఆన్ కాదు.