బ్రిటన్ విద్యార్థి వీసా: ఒడిశా సరిహద్దు తెలుగు కుటుంబాలు తడబడే చోటు

సీటు వచ్చింది, ఐఈఎల్‌టీఎస్ స్కోరు ఉంది, బ్యాంకులో డబ్బూ ఉంది. అయినా వీసా రాలేదు. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు తెలుగు ఇళ్ల పిల్లలు తిరస్కరణ లేఖ తెచ్చి చదివి చెప్పమన్నప్పుడల్లా నాకు ఒకే లోపం కనిపిస్తోంది. ఆ డబ్బు ఎవరిది, ఎన్నాళ్లుగా ఖాతాలో ఉంది, ఆ మనిషి ఈ విద్యార్థికి ఏమవుతారు అన్న మూడు ప్రశ్నలకు వాళ్ల కాగితాలు తలో జవాబు చెబుతున్నాయి. రెండు రాష్ట్రాల కార్యాలయాల్లో, రెండు లిపుల్లో పేర్లు రాయించుకుంటూ బతికే కుటుంబాలకు ఈ చిక్కు వస్తుంది. ముందే తెలిస్తే ఇంట్లో కూర్చుని సరిచేసుకోవచ్చు. తెలియకపోతే దళారి గుమ్మం ఎక్కాల్సి వస్తుంది. అందుకని మిగతా మెట్లు త్వరగా దాటేసి, డబ్బు రుజువు దగ్గర ఎక్కువసేపు ఆగుతాను.

పాస్‌పోర్టు లేనివారు ముందు దాని పని చూసుకోవాలి. ఒడిశా చిరునామా ఉంటే భువనేశ్వర్ కార్యాలయం ద్వారానే తీసుకోవాలన్న నిబంధన 2018లోనే పోయింది. విశాఖపట్నంలో చదువుకునే పిల్లలు అక్కడే దరఖాస్తు చేయవచ్చు. పోలీసు విచారణ మాత్రం ఫారంలో రాసిన చిరునామాకే వస్తుంది, ఆ సమయంలో మీరు అక్కడ దొరకాలి. పదో తరగతి సర్టిఫికెట్టులో పేరు, ఇంటిపేరు ఏ అక్షరాలతో ఉన్నాయో పాస్‌పోర్టులోనూ అవే అక్షరాలు రాయించండి.

తర్వాత విశ్వవిద్యాలయం ఆఫర్ ఇస్తుంది, మీరు కొంత ఫీజు ముందుగా కడతారు, వాళ్లు సీఏఎస్ (మీకు సీటు ఖాయమని వీసా కోసం ఇచ్చే ధ్రువీకరణ) జారీ చేస్తారు. ఆ సీఏఎస్ లో మొత్తం ఫీజు ఎంత, మీరు కట్టింది ఎంత అన్న రెండు అంకెలూ సరిగా ఉన్నాయో లేదో చూసుకోండి, ఎందుకంటే డబ్బు లెక్క అంతా వాటి మీదే నడుస్తుంది. క్షయ పరీక్ష బ్రిటన్ ప్రభుత్వం ఆమోదించిన క్లినిక్‌లోనే చేయించుకోవాలి. ఊళ్లోని ఆసుపత్రి ఇచ్చిన ఎక్స్‌రే రిపోర్టు ఎంత బాగున్నా చెల్లదు. దరఖాస్తు బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైటులో మీరే నింపవచ్చు. వీసా రుసుము, ఆరోగ్య సర్‌చార్జి అక్కడే కార్డుతో కట్టాలి. విద్యార్థులకు ఆ సర్‌చార్జి ఏడాదికి 776 పౌండ్లు. ఏడాది మాస్టర్స్ కోర్సుకు వీసా గడువు ఏడాది దాటుతుంది కాబట్టి సాధారణంగా ఏడాదిన్నర లెక్కన 1,164 పౌండ్లు పడుతుంది. ఇంతకు మించి ఎవరైనా నగదు అడిగితే రసీదు చూపించమనండి. ఆపై హైదరాబాదులోనో, కోల్‌కతాలోనో వేలిముద్రలు ఇచ్చి వస్తే, మామూలుగా మూడు వారాల్లో నిర్ణయం వస్తుంది.

ఇక డబ్బు సంగతి. సీఏఎస్ ప్రకారం మొదటి ఏడాదికి కట్టాల్సిన మిగతా ఫీజు, దానికి తోడు తొమ్మిది నెలల జీవనవ్యయం చూపించాలి. 2025 నవంబరు 11 నుంచి చేసే దరఖాస్తులకు లండన్‌లో చదివేవారికి నెలకు 1,529 పౌండ్లు, లండన్ బయట 1,171 పౌండ్లు. అంటే తొమ్మిది నెలలకు లండన్‌లో 13,761, బయట 10,539. ఉదాహరణకు లండన్ బయటి విశ్వవిద్యాలయంలో ఫీజు 16,000 పౌండ్లు అయి, మీరు 4,000 కట్టి ఉంటే, చూపాల్సిన మొత్తం 22,539 పౌండ్లు. రూపాయల విలువను దరఖాస్తు చేసిన నాటి మారకపు రేటుతో లెక్కిస్తారు కాబట్టి, సరిగ్గా సరిపోయేంతే ఉంచితే రేటు కాస్త కదిలినా తక్కువ పడుతుంది. లక్షో, లక్షన్నరో అదనంగా ఉంచుకోవడం మంచిది.

ఈ మొత్తం వరుసగా 28 రోజులు ఖాతాలో ఉండాలి. ఆ 28వ రోజు నుంచి 31 రోజుల లోపు దరఖాస్తు పడాలి. చాలామంది చివరి రోజు బ్యాలెన్సు చూసుకుని ధైర్యంగా ఉంటారు. అధికారి మాత్రం ప్రతి రోజు నిల్వనూ చూస్తారు. ఇరవయ్యో రోజున బీమా ప్రీమియం దానంతటదే కోతపడి, నిల్వ అవసరమైన మొత్తం కంటే రెండు వందల రూపాయలు తగ్గి, మర్నాడే తండ్రి ఆ లోటు పూడ్చినా సరే, ఆ ఒక్క రోజు వల్ల మళ్లీ ఒకటో రోజు నుంచి లెక్కపెట్టాలి. అందుకే వాయిదాలు, కరెంటు బిల్లులు, ఎస్ఎంఎస్ చార్జీలు పడే ఖాతాను దీనికి వాడకండి. ఫిక్స్‌డ్ డిపాజిట్ అయితే, కావాలన్నప్పుడు వెంటనే తీసుకోగలమని బ్యాంకు లేఖలో ఉండాలి.

గ్రామీణ బ్యాంకు ఖాతాదారులకు ఒక మాట. 2025 మే 1న ఒడిశా గ్రామ్య బ్యాంకు, ఉత్కళ్ గ్రామీణ బ్యాంకు కలిసి ఒడిశా గ్రామీణ బ్యాంకు అయ్యాయి. పాత పేరున్న పాసుపుస్తకం జిరాక్సు పెట్టి ఊరుకోకుండా, కొత్త పేరుతో ముద్రించిన స్టేట్‌మెంటు శాఖలో అడిగి తీసుకోండి. ఊరి సహకార సంఘంలో దాచిన డబ్బును వాణిజ్య బ్యాంకులోకి మార్చిన తర్వాతే రోజులు లెక్కపెట్టడం మొదలుపెట్టండి.

ఇప్పుడు అసలు ముడి. డబ్బు విద్యార్థి పేరు మీద ఉండవచ్చు, లేదా తల్లి, తండ్రి పేరు మీద ఉండవచ్చు. మేనమామ, పెదనాన్న, అన్న ఎంత ప్రేమగా ఇచ్చినా వాళ్ల ఖాతాలో ఉన్న డబ్బు లెక్కలోకి రాదు. తల్లిదండ్రుల ఖాతా చూపితే రెండు కాగితాలు జతచేయాలి. ఒకటి, ఈ డబ్బు మా బిడ్డ చదువుకు వాడుకోవడానికి మాకు సమ్మతమే అని వాళ్లు సంతకం చేసిన లేఖ. రెండోది జనన ధ్రువపత్రం. పాస్‌పోర్టు చివరి పేజీలో తండ్రి పేరు ఉంది కదా అని కొందరు, ఆధార్ ఉంది కదా అని ఇంకొందరు దాన్ని వదిలేస్తారు. బంధుత్వానికి బ్రిటన్ అడిగేది తల్లిదండ్రుల పేర్లున్న జనన ధ్రువపత్రాన్నే. దత్తత తీసుకున్నవారికి, న్యాయస్థానం సంరక్షకులను నియమించినవారికి మాత్రం ఆయా పత్రాలు చెల్లుతాయి.

మన వైపు ఆ ధ్రువపత్రం ఎక్కడ ఉంటుంది? ఇల్లు పర్లాకిమిడిలో, తల్లి పుట్టిల్లు టెక్కలిలో. తొలి కాన్పుకు ఆమె పుట్టింటికి వెళ్లింది. జననం ఎక్కడ జరిగిందో అక్కడే నమోదవుతుంది కాబట్టి, ఆ బిడ్డ ధ్రువపత్రం ఆంధ్రలో ఉంటుంది. దాని కోసం గజపతి జిల్లా కార్యాలయాల చుట్టూ తిరిగితే దొరకదు. దిద్దుబాటు కావాలన్నా నమోదు చేసిన రిజిస్ట్రారు దగ్గరికే వెళ్లాలి. అసలు నమోదే కాలేదని తేలితే, ఏడాది దాటిన నమోదుకు మేజిస్ట్రేటు ఉత్తర్వు అవసరం. అది రోజుల్లో అయ్యే పని కాదు, సీఏఎస్ వచ్చే దాకా ఆగితే కోర్సు మొదలైపోతుంది.

ధ్రువపత్రం చేతికి వచ్చాక తండ్రి పేరు చూడండి. సరిహద్దు దాటి పాతపట్నంలో తెరిచిన బ్యాంకు ఖాతాలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ముందుంటుంది. ఒడిశా ఆధార్‌లో అదే ఇంటిపేరు పూర్తిగా, చివర ఉంటుంది. ఒడియా నుంచి ఇంగ్లిషులోకి ఎక్కించిన గుమాస్తా ‘అప్పారావు’లో ఒక ‘పి’ తీసేసి, చివరి ‘ఉ’కారాన్ని వదిలేసి ఉంటారు. మూడు కాగితాల్లో ఉన్నది ఒకే మనిషి అని మనకు తెలుసు. వేల మైళ్ల అవతల ఆ ఫైలు తెరిచిన అధికారికి తెలియదు, ఆయనకు ముగ్గురు మనుషులు కనిపిస్తారు.

దీనికి నేను అందరికీ చెప్పే దారి ఒకటే. కుదిరితే డబ్బును విద్యార్థి సొంత ఖాతాలోకి మార్చి, ఆ రోజు నుంచి 28 రోజులు ఉంచండి. అప్పుడు తండ్రి పేరు ప్రశ్నే రాదు, జనన ధ్రువపత్రం, సమ్మతి లేఖ రెండూ అక్కర్లేదు. నాన్న ఖాతా నుంచి వచ్చినట్టు చూపే స్టేట్‌మెంటు, పొలం అమ్మి ఉంటే దాని దస్తావేజు దగ్గర ఉంచుకోండి, అంత పెద్ద మొత్తం ఎలా వచ్చిందని అడగవచ్చు. విద్యార్థి పేరున్న ఉమ్మడి ఖాతా అయినా సరిపోతుంది. ఇవేవీ కుదరకపోతే, ముందు బ్యాంకు ఖాతాలో తండ్రి పేరును జనన ధ్రువపత్రంలో ఉన్నట్టు మార్పించండి. ధ్రువపత్రం దిద్దించడం కంటే సాధారణంగా అదే త్వరగా అవుతుంది. ఇద్దరూ ఒకరేనని చేసిన అఫిడవిట్ తోడుగా పెట్టవచ్చు గాని, దాని ఒక్కదాని మీదే భారం వేయకండి.

పాత ధ్రువపత్రం పూర్తిగా ఒడియాలోనో తెలుగులోనో ఉంటే ఇంగ్లిషు అనువాదం కావాలి. అందులో ఇది సరైన అనువాదమని అనువాదకుడి ప్రకటన, తేదీ, ఆయన పూర్తి పేరు, సంతకం, సంప్రదించే వివరాలు ఉండాలి. నోటరీ ముద్ర ఉండి ఈ వివరాలు లేని అనువాదాలు నేను చాలా చూశాను. ముద్రకు డబ్బు తీసుకున్నవారు ఆ లోపం చెప్పరు.

విద్యారుణం తీసుకునేవారికి దారి ఇంకాస్త సులువు. గుర్తింపు పొందిన బ్యాంకు విద్యారుణ పథకం కింద, విద్యార్థి పేరు మీద, దరఖాస్తుకు ముందు ఆరు నెలల లోపు తేదీతో మంజూరు లేఖ ఇస్తే 28 రోజుల నియమం వర్తించదు. పీఎం విద్యాలక్ష్మి కింద విదేశీ చదువుకు అప్పు ఇప్పిస్తామని ఎవరైనా ముందస్తు రుసుము అడిగితే ఇవ్వకండి. ఆ పథకం దేశంలోని విద్యాసంస్థలకే.

ఏజెంట్లందరూ మోసగాళ్లని నేను అనను. ఫారం ఓపికగా నింపిపెట్టి, చెప్పిన రుసుమే తీసుకునేవారూ ఉన్నారు. కానీ ‘డబ్బు మేం చూపిస్తాం, మీరు సంతకాలు పెడితే చాలు బాబూ’ అనేవారి దగ్గర నుంచి వెంటనే లేచి వచ్చేయండి. వాళ్లు మీ నాన్న ఖాతాలో డబ్బు వేసి, ఏటీఎం కార్డు, సంతకం చేసిన ఖాళీ చెక్కులు తమ దగ్గర పెట్టుకుంటారు. మధ్యలో తీసేసుకుంటే మీకు తెలిసేది తిరస్కరణ వచ్చాకే. ఇంకొందరు స్టేట్‌మెంటే తయారు చేసి ఇస్తారు. బ్రిటన్ అధికారులు బ్యాంకును అడిగి సరిచూస్తారు. మోసం రుజువైతే పదేళ్ల నిషేధం. కెనడాలో అది ఐదేళ్లు, అమెరికాలో గడువంటూ లేని అనర్హత. నిషేధం పడేది మీ పిల్లల పేరు మీద, ఏజెంటు పేరు మీద కాదు. ‘ప్రభుత్వ లైసెన్సు ఉంది’ అని గోడకు తగిలించిన పత్రం చూసి మోసపోవద్దు. 1983 వలస చట్టం కింద ఇచ్చే లైసెన్సు విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపేవారిది, చదువులకు సంబంధించింది కాదు.

మిగతా దేశాల లెక్క వేరు. జర్మనీకి బ్లాక్డ్ ఖాతాలో, అంటే నెలనెలా కొంతే తీసుకోగలిగే ఖాతాలో, ఏడాదికి 11,904 యూరోలు ఉంచాలి, ముందుగా మీ చదువు పత్రాలు అసలైనవేనని చెప్పే ఏపీఎస్ ధ్రువపత్రం తీసుకోవాలి. అమెరికాకు 28 రోజుల నియమం లేదు. డబ్బు ఎక్కడిదని ఇంటర్వ్యూలో నోటితోనే అడుగుతారు. ఒడిశా హైదరాబాదు కాన్సులేటు పరిధిలోకి వస్తుంది. ఒక దేశానికి చెప్పిన సలహాను ఇంకో దేశానికి వాడకండి.

తిరస్కరణ వస్తే కంగారు పడకండి, అది నిషేధం కాదు. లేఖలో రాసిన కారణం చదవండి. అధికారి మీ కాగితాన్ని పొరపాటుగా చదివారనిపిస్తే 28 రోజుల్లోగా పునఃపరిశీలన కోరవచ్చు. కాగితమే లేకపోతే పునఃపరిశీలనతో పని జరగదు, కొత్త దరఖాస్తు పెట్టాలి. పాత సీఏఎస్ మళ్లీ పనికిరాదు కాబట్టి ముందు విశ్వవిద్యాలయానికి మెయిల్ రాసి కొత్తది అడగండి. కొత్త ఫారంలో ఇంతకు ముందు ఎప్పుడైనా వీసా నిరాకరించారా అన్న ప్రశ్నకు, ఎవరు ఏం చెప్పినా సరే, అవును అనే రాసి కారణం కూడా రాయండి.