ప్లానర్ పోస్టుకు దరఖాస్తు పంపే ముందు జాగ్రత్తలు

నెల్లూరు పట్టణాభివృద్ధి సంస్థ(నుడా)లోనో ఒంగోలు నగరపాలక సంస్థలోనో ప్లానర్ (పట్టణ ప్రణాళికలు తయారుచేసే నిపుణుడి) పోస్టు ఉందని వాట్సాప్‌లో కనిపిస్తే, రుసుము కట్టక ముందే ఆ ప్రకటన సంస్థ అధికారిక వెబ్‌సైట్‌లో ఉందో లేదో సరిచూసుకోవాలి.

పోస్టు శాశ్వతమా, ఔట్‌సోర్సింగా అన్నది తేల్చుకోవాలి.

దరఖాస్తుకు మీ పని నమూనాలుగా జతచేసే పాత పటాల విషయంలో మరింత శ్రద్ధ అవసరం. 2022 పునర్విభజనలో సూళ్లూరుపేట తిరుపతి జిల్లాకు, చీరాల బాపట్ల జిల్లాకు వెళ్లాయి గనుక, పటం ఏ సంవత్సరపుదో దాని మీదే రాయాలి.

కృష్ణపట్నం, కొత్తపట్నం వంటి తీర ప్రాంతాలపై పనిచేసినవారు 2011 నాటి సీఆర్‌జెడ్ (తీర ప్రాంత నియంత్రణ మండలి, అంటే తీరంలో నిర్మాణాలను నియంత్రించే నిబంధనల) నోటిఫికేషన్‌ను పాటించారో, 2019 నాటిదాన్ని పాటించారో తెలపడం తప్పనిసరని నా అభిప్రాయం; ఎందుకంటే జనసాంద్రత ఎక్కువున్న గ్రామీణ తీరంలో నిర్మాణ నిషేధ పరిధిని రెండోది 200 మీటర్ల నుంచి 50 మీటర్లకు తగ్గించింది.